కులం పేరుతో బెదిరిస్తే కేసు నిలబడేలా పెట్టడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారికి సమగ్ర మార్గదర్శి

ఊళ్లో ఎవరైనా కులం పేరుతో తిట్టి బెదిరిస్తే "అట్రాసిటీ కేసు పెట్టు" అనే సలహా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ టీ కొట్టు దగ్గరైనా దొరుకుతుంది. ఎలా పెడితే ఆ కేసు నిలబడుతుందో చెప్పేవాళ్లు తక్కువ. స్టేషన్ బయట హడావుడిగా రాయించిన అరపేజీ కాగితం, అందులో "కులం పేరుతో దుర్భాషలాడి చంపుతానని బెదిరించాడు" అన్న ఒక్క వాక్యం, కింద ఎనిమిది మంది పేర్లు. కొన్నేళ్లకు కోర్టులో అవతలి లాయరు ఆ కాగితమే చేతిలో పట్టుకుని "ఏ మాట అన్నాడు, ఎక్కడ అన్నాడు, ఎవరు విన్నారు" అని అడుగుతాడు. జవాబు ఉండదు. జరిగింది నిజమే అయినా కేసు పోతుంది. అర్జీలు, కంప్లైంట్లు రాసిపెట్టే పనిలో ఉన్నవాడిగా నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఈ కేసుల్లో సగం బలం మొదటి రోజు రాసే కాగితంలో ఉంటుంది. అందుకే ఇక్కడ ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మన ప్రాంతంలో ఈ చట్టం మాట వస్తే కారంచేడు గుర్తుకు రాకుండా ఉండదు. అప్పట్లో ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. తాగే నీళ్లు పాడుచేయొద్దని చెరువు దగ్గర అడ్డు చెప్పడంతో మొదలైన గొడవ అది. బాధిత కుటుంబాలు చీరాల చేరి అక్కడే ఉండిపోయాయి. సుప్రీంకోర్టు తుది తీర్పు 2008 డిసెంబరులో గానీ రాలేదు. ఆ రోజుల్లో చేతిలో ఉన్నవి మామూలు శిక్షాస్మృతి, 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం మాత్రమే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చి, 1990 జనవరి 30 నుంచి అమలైంది. 2015లో చేసిన సవరణతో, 2016 జనవరి 26 నుంచి నేరాల జాబితా బాగా పెరిగింది. ఎస్సీ, ఎస్టీలు వాడుకునే నీళ్లను పాడుచేయడం, చెరువు, బావి, కుళాయి వాడుకోనివ్వకపోవడం ఇవాళ ఆ చట్టంలో విడివిడిగా రాసి ఉన్న నేరాలు.

మొదటి మెట్టు: మీకు ఏ చట్టం వర్తిస్తుందో తేల్చుకోండి

అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కావాలంటే బాధితులు ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి. బెదిరించినవాళ్లు ఎస్సీ, ఎస్టీ కాకూడదు. మాల, మాదిగల మధ్య గొడవైతే, ఎరుకల, యానాదుల మధ్య గొడవైతే ఈ చట్టం రాదు. అలాంటప్పుడు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్లతోనే కేసు పెట్టుకోవాలి.

క్రైస్తవం విషయం మన జిల్లాలకు చాలా ముఖ్యం. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న చరిత్ర ఒంగోలు ప్రాంతానిది. ఆ కుటుంబాల మనవలు, మునిమనవలు ఈనాటికీ ఊరి బయట పల్లెల్లోనే ఉన్నారు, ఆ తిట్లే పడుతున్నారు. కానీ 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల వారికే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కిందికి వస్తారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును ఈ కారణంతోనే కొట్టేసింది. ఇది న్యాయమని నేను అనలేను. కుల అవమానం చర్చి గడప దగ్గర ఆగిపోదు. అయినా కేసు పెట్టే ముందు మీ కుల ధ్రువీకరణ పత్రంలో ఏముందో చూసుకోవాల్సిందే. బీసీ-సీ అని ఉంటే న్యాయ సంహిత సెక్షన్ల మీద కంప్లైంటు గట్టిగా రాయించుకోండి. యానాదులు, ఎరుకలలు, చెంచులు, సుగాలీలకు ఈ చిక్కు లేదు. ఎస్టీ హోదాకు మతంతో పని లేదు.

మతం పేరుతోనో, ఇంకో సమూహానికి చెందినవాళ్లన్న కారణంతోనో బెదిరిస్తే ఈ సెక్షన్లు గుర్తుపెట్టుకోండి. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొడితే న్యాయ సంహిత 196, మూడేళ్ల దాకా శిక్ష. అదే పని ప్రార్థనా స్థలంలో చేస్తే ఐదేళ్ల దాకా. మత భావాలను కావాలని గాయపరిస్తే 299, 302. మామూలు బెదిరింపుకు 351: రెండేళ్ల దాకా, చంపుతాననో, తీవ్రంగా గాయపరుస్తాననో, ఇల్లు తగలబెడతాననో అంటే ఏడేళ్ల దాకా. ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మంది గుంపుగా చేరి కులం, వర్గం, భాష, పుట్టిన చోటు లాంటి కారణంతో మనిషిని చంపితే 103(2) కింద ఉరి లేదా యావజ్జీవం. అదే గుంపు తీవ్రంగా గాయపరిస్తే 117(4) కింద ఏడేళ్ల దాకా.

వికలాంగులకు ఒక మాట. నలుగురి ఎదుట వైకల్యం ఎత్తి అవమానించినా, బెదిరించినా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు ఉంది. దీని గురించి స్టేషన్లలోనే చాలామందికి తెలియదు, మీరే సెక్షన్ చెప్పాల్సి రావచ్చు. ట్రాన్స్‌జెండర్ల కోసం 2019 చట్టంలో 18వ సెక్షన్ ఉంది.

ఇక్కడి నుంచి చెప్పేదంతా ప్రధానంగా ఎస్సీ, ఎస్టీ చట్టం గురించే. కాగితం రాసే పద్ధతి మాత్రం అన్నింటికీ ఒకటే.

రెండో మెట్టు: జరిగింది ఏ నేరం కిందికి వస్తుందో చూడండి

సెక్షన్ 3(1)లో పెద్ద జాబితా ఉంది. వాటిలో ఏదైనా రుజువైతే ఆరు నెలలకు తగ్గకుండా ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. మన ఊళ్లలో ఎక్కువగా ఎదురయ్యేవి చెబుతాను.

నలుగురూ చూసే, వినే చోట అవమానించాలని తిట్టడం, బెదిరించడం 3(1)(ఆర్). అలాంటి చోటే కులం పేరుతో దూషించడం 3(1)(ఎస్). ఓటు వేయనివ్వకపోవడం, నామినేషన్ వేయకుండా భయపెట్టడం, గెలిచిన సర్పంచిని కుర్చీలో పని చేయనివ్వకపోవడం, ఫలానావాళ్లకు ఓటేశారని కొట్టడం వీటన్నిటికీ వేర్వేరు క్లాజులున్నాయి. పంచాయతీ ఎన్నికల రోజుల్లో ఇవి బాగా గుర్తుండాలి. శ్మశానం, రోడ్డు, బావి వాడుకోనివ్వకపోవడం, బండి ఎక్కనివ్వకపోవడం, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోవద్దనడం, పెళ్లి ఊరేగింపు ఆపడం, గుడిలోకి రానివ్వకపోవడం అన్నీ 3(1)(జడ్ఏ) కిందికి వస్తాయి. ఇల్లో, ఊరో విడిచి వెళ్లేలా చేయడం 3(1)(జడ్). సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం, విధిస్తామని బెదిరించడం కూడా 3(1)(జడ్‌సీ). అంబేడ్కర్ విగ్రహాన్ని పాడుచేస్తే 3(1)(టీ).

"నలుగురూ చూసే చోట" అన్న షరతు దగ్గరే చాలా కేసులు వీగిపోతాయి. సుప్రీంకోర్టు 2008లో స్వరణ్ సింగ్ కేసులోనూ, 2020లో హితేశ్ వర్మ కేసులోనూ దీన్ని వివరించింది. ఇంట్లో నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు తిడితే (ఆర్), (ఎస్) క్లాజులు నిలబడవు. ఇంటి ముందు వాకిట్లోనైనా సరే, దారిన పోయేవాళ్లకు కనబడుతూ, వినబడుతూ ఉంటే నిలబడతాయి. విన్నవాళ్లలో మీ బంధువులు, స్నేహితులు మాత్రమే ఉంటే బలం తగ్గుతుంది. టీ కొట్టతను, బస్సు కోసం నిలబడ్డ పక్క ఊరి మనిషి, ఉపాధి హామీ పనిలో ఉన్న వేరే కులం కూలీ, ఇలా ఒక్క బయటి మనిషి ఉన్నా చాలు. ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేలా పెట్టిన వీడియోను కూడా బహిరంగంగా అన్నట్లే లెక్కించాలని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది.

మరి ఫోన్ చేసి ఒంటరిగా బెదిరిస్తే? చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. వదులుకోవద్దు. 3(2)(వీఏ) అని ఇంకో క్లాజు ఉంది. మామూలు శిక్షాస్మృతిలోని కొన్ని నేరాలను ఎస్సీ, ఎస్టీలని తెలిసి వాళ్ల మీద చేస్తే ఈ చట్టం కూడా వర్తిస్తుందని అది చెబుతుంది. ఆ నేరాల జాబితాలో నేరపూరిత బెదిరింపు ఉంది. దీనికి నలుగురు చూడాలన్న షరతు లేదు. ఊరు విడిచిపోయేలా చేయడానికి, బహిష్కరణకు కూడా ఆ షరతు లేదు. మీ కేసు ఫోన్ బెదిరింపు అయితే ఈ క్లాజు పెట్టారో లేదో ఎఫ్‌ఐఆర్‌లో చూసుకోండి.

రెండో పెద్ద చిక్కు, కారణం. పొలం గట్టు తగాదాలో ఇద్దరూ తిట్టుకున్నారనుకోండి. బాధితుడు ఎస్సీ అయినంత మాత్రాన అది అట్రాసిటీ కాదని, కులం వల్లే అవమానించినట్లు కనబడాలని 2020 నాటి హితేశ్ వర్మ కేసులోనూ, 2024లో షాజన్ స్కారియా కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి గొడవ వెనక కులం ఎలా ఉందో కాగితంలో రాయాలి. ఉన్నదే రాయాలి.

మూడో మెట్టు: మొదటి కొన్ని గంటలు

ప్రాణభయం ఉంటే ముందు 112. దెబ్బలు తగిలితే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. "పడ్డాను" అని చెప్పొద్దు, ఎవరు కొట్టారో డాక్టరుకు చెప్పి మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేయాల్సిన గాయంగా) రాయించండి. కనబడని దెబ్బలకూ, నొప్పులకూ ఇదే పద్ధతి.

తర్వాత ఒంటరిగా కూర్చుని, టెన్షన్ తగ్గాక, అతను అన్న మాటలను అన్నవి అన్నట్టే నోటు పుస్తకంలో రాసుకోండి. చదువు రాకపోతే ఫోన్‌లో మీ గొంతుతో చెప్పి రికార్డు చేసుకోండి. రెండు రోజులు పోతే మాటలు మారిపోతాయి, అర్థం మాత్రమే మిగులుతుంది. కోర్టుకు కావలసింది మాటలు.

వీడియో ఉంటే అది తీసిన ఫోన్ జాగ్రత్తగా ఉంచండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన కాపీ కంటే అసలు ఫోన్‌లోని ఫైలు విలువైనది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అది తీసిన మనిషి తర్వాత సంతకం పెట్టాల్సి ఉంటుంది. అందుకే వీడియో ఎవరు తీశారో, ఏ ఫోన్‌లో తీశారో అప్పుడే రాసి పెట్టుకోండి. పక్కన దుకాణానికి సీసీ కెమెరా ఉంటే పోలీసులను వెంటనే అడగమని లిఖితపూర్వకంగా కోరండి, చాలా చోట్ల పాత రికార్డింగు కొన్ని రోజుల్లో చెరిగిపోతుంది. బెదిరించే ఎస్సెమ్మెస్, వాయిస్ మెసేజ్ ఏదీ డిలీట్ చేయొద్దు, కోపంతో తిరిగి బూతు మెసేజ్ పెట్టొద్దు.

నాలుగో మెట్టు: కంప్లైంటు రాయడం

సెక్షన్లు వేయడం పోలీసుల పని. జరిగింది రాయడం మీ పని. కాగితంలో ఈ సంగతులు తప్పక ఉండాలి: మీ కులం, ఉపకులంతో సహా. అవతలి మనిషి పేరు, తండ్రి పేరు, కులం. అతనికి మీ కులం ముందే తెలుసన్న సంగతి. తేదీ, సుమారు సమయం. చోటు, అది ఎందుకు బహిరంగమో తెలిసేలా. అన్న మాటలు. విన్న, చూసిన మనుషులు. ఆలస్యమైతే ఎందుకైందో.

కులం ముందే తెలుసన్నది చిన్న వాక్యంగా కనిపిస్తుంది, కానీ పెద్ద పని చేస్తుంది. నిందితుడికి బాధితుడో, అతని కుటుంబమో ముందే పరిచయమైతే, కులం తెలియదని అతనే రుజువు చేసుకోవాలి. చట్టంలో 8వ సెక్షన్ అలా ఊహించమంటుంది. "అతని పొలంలో మా నాన్న పదేళ్లు పాలేరుగా చేశాడు" అన్న ఒక్క వాక్యంతో ఆ ముడి పడుతుంది.

ఒక నమూనా చూడండి.

"నేను ఫలానా, తండ్రి ఫలానా, వయసు 34, ఎస్సీ మాదిగ, ఫలానా గ్రామం ఎస్సీ కాలనీలో ఉంటాను. మా ఊరి ఫలానా, తండ్రి ఫలానా, కులం ఫలానా, నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. నా కులం ఆయనకు తెలుసు. నిన్న అంటే ఫలానా తేదీ ఆదివారం సాయంత్రం సుమారు 6 గంటలకు మా ఊరి బస్టాండు దగ్గర ఫలానా వారి టీ కొట్టు ముందు రోడ్డు మీద నా బైకు ఆపి ఉన్నాను. ఆయన నా దగ్గరకు వచ్చి 'మాదిగోడివి నువ్వు మా వీధిలో బండెక్కి తిరుగుతావా? దిగి తోసుకుంటూ పోరా. ఇంకోసారి కనబడితే కాళ్లు విరగ్గొడతా' అని గట్టిగా అరిచాడు. బండి తాళం లాక్కున్నాడు. ఆ సమయంలో టీ కొట్టు యజమాని ఫలానా, బస్సు కోసం నిలబడ్డ ఫలానా ఊరి ఫలానా విన్నారు, చూశారు. ఆయనకూ నాకూ వేరే తగాదాలు లేవు. రాత్రి మా ఇంటికి మనుషులను పంపి కేసు పెడితే కాలనీలో ఎవరికీ పనులుండవని చెప్పించాడు. భయపడి రాత్రి స్టేషన్‌కు రాలేదు. ఉదయం వచ్చి ఈ ఫిర్యాదు ఇస్తున్నాను."

ఈ కాగితంలో కులదూషణ, అవమానపరిచే బెదిరింపు, బండి ఎక్కనివ్వకపోవడం, పని ఇవ్వబోమన్న బెదిరింపు నాలుగూ ఉన్నాయి. ఒక్క సెక్షన్ పేరు కూడా లేదు. ఆలస్యానికి కారణం ఉంది. బయటి సాక్షులున్నారు.

నమూనాలో బూతు లేదు. మీ విషయంలో బూతులుంటే బూతులే రాయండి. ఆడవాళ్లకు ఇది చాలా కష్టమని తెలుసు, "రాయరాని మాటలు అన్నాడు" అని రాయించి తల దించుకుంటారు. ఆ మాటలు అన్నవాడిది సిగ్గు. ఆడపోలీసు ముందు చెప్పే హక్కు మీకుంది, అడగండి. లైంగికంగా తాకినా, ఆ అర్థంతో మాటలన్నా, సైగలు చేసినా 3(1)(డబ్ల్యూ) అనే వేరే క్లాజు ఉంది. ఆ వివరం దాచేస్తే ఆ సెక్షన్ రాదు.

పాత తగాదా ఉంటే దాన్ని దాచొద్దు. "పొలం గట్టు విషయంలో ఆర్డీవో దగ్గర ఫైలు నడుస్తోంది. అయినా నిన్న ఆయన అన్న మాటలు గట్టు గురించి కావు, మా కులం గురించి" అని రాస్తే, రేపు అవతలి లాయరు బయటపెట్టడానికి ఏమీ మిగలదు.

ఇంకో మాట కాస్త కటువుగానే చెప్తాను. అక్కడ లేని వాళ్ల పేర్లు కలపొద్దు. అన్నదమ్ములను, ఆస్పత్రిలో ఉన్న వాళ్ల నాన్నను కూడా ఇరికిస్తే కసి తీరుతుందనిపిస్తుంది. ఆ నాన్న ఆస్పత్రి రికార్డు కోర్టులో బయటపడ్డ రోజు మీ నిజం కూడా అబద్ధంలా కనబడుతుంది. పక్కనున్న పెద్దమనుషులు "పేర్లు ఎక్కువ రాయి, దిగొస్తారు" అంటారు. వాళ్లు మీతో పాటు బోనెక్కరు.

ఐదో మెట్టు: స్టేషన్‌లో

స్టేషన్ హౌస్ ఆఫీసరు మీ ఫిర్యాదు నమోదు చేయాలి. నోటితో చెబితే రాసుకుని, మీకు చదివి వినిపించి, అప్పుడు సంతకం తీసుకోవాలి. వినకుండా సంతకం పెట్టొద్దు. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా, అప్పుడే ఇవ్వాలి. ఈ పనులు కావాలని నిర్లక్ష్యం చేసిన, ఎస్సీ ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగికి 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది జైలు ఉంది.

స్టేషన్‌లో వినబడే సాకులకు జవాబులు చెబుతాను. "డీఎస్పీ గారు వచ్చాకే ఎఫ్‌ఐఆర్" అంటారు. డీఎస్పీ చేసేది దర్యాప్తు, నమోదు స్టేషన్‌లోనే జరగాలి. "ముందు విచారణ చేసి చూస్తాం, కొత్త చట్టంలో 14 రోజులు గడువుంది" అంటారు. నాగరిక్ సురక్ష సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173(3)లో అలాంటి వెసులుబాటు ఉన్న మాట నిజం. కానీ 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్‌కు ముందస్తు విచారణ అక్కర్లేదని చెబుతుంది, 20వ సెక్షన్ ఈ చట్టానికే పైచేయి ఇస్తుంది. 18ఏను సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో సమర్థించింది. "మా స్టేషన్ పరిధి కాదు" అంటారు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా నమోదు చేసి తర్వాత సరైన స్టేషన్‌కు పంపేది) చేయాలి. ఫోన్, ఆన్‌లైన్ ద్వారా పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి.

అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదును నెల్లూరు లేదా ఒంగోలు ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. సోమవారం ఎస్పీ ఆఫీసులో, కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ అర్జీ ఇచ్చి నంబరు తీసుకోండి. ఎస్సీ, ఎస్టీల కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14566 ఉంది, అక్కడ నమోదైన ఫిర్యాదుకూ నంబరు వస్తుంది. ఇవన్నీ చేసినా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు. ప్రత్యేక కోర్టుకు కూడా కేసును నేరుగా విచారణకు తీసుకునే అధికారం ఉంది. లాయరు ఫీజు గురించి దిగులొద్దు: 15100కు ఫోన్ చేసినా, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు ఉచితంగా లాయరును పెడతారు.

ఆరో మెట్టు: ఎఫ్‌ఐఆర్ తర్వాత

దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి. కావలి, ఆత్మకూరు, దర్శి లాంటి చోట్ల సబ్ డివిజన్ ఆఫీసులున్నాయి. మీ స్టేషన్ ఏ సబ్ డివిజన్ కిందికి వస్తుందో తెలుసుకుని అక్కడికే వెళ్లి మాట్లాడండి. ఛార్జిషీటు 60 రోజుల్లో వేయాలి.

"కేసు పెట్టాం గదా, అరెస్టు చేయలేదేం" అని చాలామంది నీరసపడిపోతారు. ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో పోలీసులు నోటీసు ఇచ్చి పిలిపించి పంపేయడం మామూలు. అంతమాత్రాన కేసు పోయినట్టు కాదు. ముందస్తు బెయిలుకు 18వ సెక్షన్ అడ్డుపడుతుంది, ప్రాథమికంగా నేరమే కనబడనప్పుడు మాత్రం కోర్టులు ఇస్తాయి. మీ కాగితం బలం మళ్లీ ఇక్కడ పనికొస్తుంది. బెయిలు విచారణ ఎప్పుడో మీకు ముందే తెలియజేయాలి, మీ మాట వినాలి. అది 15ఏ సెక్షన్ ఇచ్చిన హక్కు.

సాక్షులు వెనక్కి పోతారన్న అనుమానం ఉంటే వాళ్ల వాంగ్మూలం మేజిస్ట్రేట్ ముందు, సురక్ష సంహిత 183 కింద నమోదు చేయించమని డీఎస్పీకి రాసివ్వండి. ఊళ్లో ఒత్తిడి పెరిగే లోపే చేయించాలి.

ప్రభుత్వం ఇచ్చే ఉపశమనం 2016 నిబంధనల ప్రకారం నేరాన్ని బట్టి 85,000 నుంచి 8,25,000 రూపాయల దాకా ఉంటుంది. బహిరంగ అవమానం, కులదూషణలకు లక్ష: ఎఫ్‌ఐఆర్ దశలో పాతిక శాతం, ఛార్జిషీటుకు సగం, శిక్ష పడితే మిగతాది. కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, ఎఫ్‌ఐఆర్ నకలు పట్టుకుని ఎస్సీలు సాంఘిక సంక్షేమ శాఖకు, ఎస్టీలు గిరిజన సంక్షేమ శాఖకు వెళ్లాలి. నెల్లూరులో యానాదుల కోసమే ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. డబ్బు రాలేదంటే కలెక్టరు అధ్యక్షతన కనీసం మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్స్ కమిటీ సమావేశంలో మీ కేసు నంబరు ప్రస్తావించేలా అర్జీ పెట్టండి. నెలనెలా 30న పల్లెల్లో జరిపే పౌరహక్కుల దినం రోజున తహసీల్దారు, ఎస్సై మీ కాలనీకి వస్తే అక్కడా అడగండి. ఈ డబ్బు తీసుకున్నారని ఎవరైనా ఎత్తిపొడిస్తే పట్టించుకోకండి, చట్టం ఇచ్చింది.

ఏడో మెట్టు: ఒత్తిడి

కేసు పెట్టిన వారంలో పెద్దమనుషులు వస్తారు. "ఊరన్నాక ఇవన్నీ మామూలే, కాళ్లు పట్టుకుంటాడు, కాగితం వెనక్కి తీసుకో" అంటారు. ఈ చట్టంలోని నేరాలను స్టేషన్‌లోనో, రచ్చబండ మీదో రాజీ చేసుకుని మూసేయడానికి వీల్లేదు. ఇరువైపులా రాజీ కుదిరిందని హైకోర్టు కేసు కొట్టేయాలన్నా, అది మనస్ఫూర్తిగా జరిగిందని నమ్మకం కలగాలని సుప్రీంకోర్టు 2021లో జాగ్రత్తలు చెప్పింది. ఖాళీ కాగితాల మీద, స్టాంపు పేపర్ల మీద సంతకం చేయొద్దు. చేసి ఉంటే అదే రోజు డీఎస్పీకి రాసివ్వండి.

తర్వాత వచ్చేది కౌంటర్ కేసు. దొంగతనం అనో, మా ఆడవాళ్లను పట్టుకున్నాడనో. భయపడి పారిపోతే ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. ఆ రోజు మీరెక్కడున్నారో చూపే ఆధారాలు లాయరుకు ఇచ్చి, రెండు కేసులూ ఒకే డీఎస్పీ చూడాలని ఎస్పీని కోరండి. ఎస్సీ, ఎస్టీల మీద తప్పుడు కేసులు, తప్పుడు సమాచారం కూడా 3(1)(పీ), (క్యూ) కింద నేరాలే. యానాదులకు ఇది మరీ అవసరం. ఊళ్లో ఏది పోయినా మొదట వాళ్ల గుడిసెల వైపే చూసే అలవాటు ఇంకా పోలేదు.

బహిష్కరణ నెమ్మదిగా, నోరు తెరవకుండా వస్తుంది. రొయ్యల గుంటల దగ్గర పనికి పిలవరు. పొగాకు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గర కూలీ వేరేవాళ్లకు పోతుంది. దుకాణంలో సరుకు ఉన్నా లేదంటారు. ఎవరూ ఏమీ అనరు కాబట్టి రుజువు కష్టం. అందుకే పుస్తకం పెట్టండి: ఏ తేదీన ఎవరు, ఏ పని, ఏ సరుకు ఇవ్వలేదో, ఏమన్నారో, పక్కన ఎవరున్నారో. కాలనీ మొత్తం రాస్తే పది రోజుల్లో సాక్ష్యం తయారవుతుంది. దాంతో రెండో కంప్లైంటు పెట్టండి, మొదటి కేసు నంబరు అందులో రాయండి. అడ్వాన్సు తీర్చేదాకా గుంట వదిలి పోనివ్వబోమని అంటే అది వెట్టి. 3(1)(హెచ్)తో పాటు 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వర్తిస్తుంది. నేరుగా ఆర్డీవోకు చెప్పండి, విడుదల ధ్రువీకరణ పత్రం అడగండి.

ఎనిమిదో మెట్టు: కోర్టు

ఛార్జిషీటు పడ్డాక రెండు నెలల్లో విచారణ ముగించాలని చట్టం ఆశిస్తుంది. ఆచరణలో ఏళ్లు పడుతుంది, దానికి మనసు సిద్ధం చేసుకోండి. ప్రభుత్వం తరఫున స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరు వాదిస్తారు. సాక్ష్యం చెప్పే రోజుకు ముందే ఆయన్ని కలవండి, మీ ఫిర్యాదు, వాంగ్మూలం నకళ్లు మరోసారి చదువుకోండి. అనుభవమున్న సీనియర్ లాయరును పెట్టమని కలెక్టరును కోరే వీలు నిబంధనల్లో ఉంది. వాయిదాకు వచ్చిన ప్రతిసారీ బాధితులకు, సాక్షులకు ప్రయాణ ఖర్చులు, కూలి నష్టానికి డబ్బు ఇవ్వాలి. అడిగితే గానీ రావు, అడగండి. సాక్షులుగా నిలబడే కూలివాళ్లకు ఆ డబ్బే చాలాసార్లు వాయిదాకు రావడానికీ, మానేయడానికీ మధ్య తేడా.

బోనులో గుర్తున్నది చెప్పండి, గుర్తులేనిది గుర్తులేదని చెప్పండి. ఆ రోజు అన్న మాటలను జడ్జిగారి ముందు ఉన్నదున్నట్టు పలకాలి. అక్కడ మొహమాటపడితే ఇన్నాళ్ల కష్టం పోతుంది. సాక్షులను ఎవరైనా భయపెడుతుంటే రక్షణ కోసం అదే కోర్టులో అర్జీ వేయొచ్చు. విచారణను వీడియో తీయాలని కూడా 15ఏలో ఉంది.

తీర్పు వ్యతిరేకంగా వస్తే 90 రోజుల్లో హైకోర్టుకు అప్పీలు. గడువు లెక్క తీర్పు రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి సర్టిఫైడ్ నకలుకు అదే రోజు దరఖాస్తు పెట్టి, న్యాయ సేవాధికార సంస్థలో హైకోర్టు లాయరు కోసం అర్జీ కూడా ఇచ్చి ఇంటికి వెళ్లండి.